ఎర్రగళ్ళ చీర పేజీ

నేను చేసిన ఉద్యోగం పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడిపే మా మరిది చివరిదాకా నన్ను "కంప్యూటర్లో అడ్రసులు వెతికిపెట్టే మా వదిన" అనే పదిమందికీ పరిచయం చేశాడు. అసలు పని అది కాదు. మీరు ఫోన్‌లో నూలు చీరలు కావాలని వెతికితే వందలకొద్దీ పేజీలు వస్తాయి. మనిషన్నవాడు పైనున్న నాలుగైదు చూసి ఊరుకుంటాడు. కింద పడినవాడు ఉన్నా లేనట్టే. ఆ కిందివాణ్ణి పైకి తేవడమే నా పని. అంతకుముందు కర్నూలులో డీటీపీ చేసేదాన్ని, పెళ్ళి పత్రికలూ కరపత్రాలూ. తర్వాత కడపకు వచ్చి పదమూడేళ్ళు ఈ పైకి తెచ్చే పని చేసి, కంటి ఆపరేషను అయ్యాక నిరుడు మానేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి ఏమైనా చెప్పమంటారు. ఇప్పుడు వెతికితే పేజీలకంటే ముందు యంత్రమే జవాబు రాసి పెడుతోంది, మీ కాలపు చిట్కాలు మాకెందుకు అని కూడా వాళ్ళే అంటారు. నిజమే, చిట్కాలు పాతబడ్డాయి. నేను చేసిన ఒక తప్పు మాత్రం పాతబడలేదు. గెలిచిన కథలు మీకు ఎవరైనా చెబుతారు కాబట్టి, నేను ఇది చెబుతాను.

మా ఆఫీసు ఒక చెప్పుల కొట్టు పైన మేడ మీద ఉండేది. యజమాని నెలలో సగం రోజులు బెంగుళూరులోనే. సైట్లు కట్టే పని ఒక భాయ్ చూసేవాడు. కర్నూలు మనిషి, నాకంటే పదిహేనేళ్ళు చిన్న, మాట తక్కువ. ఏ పని మొదలుపెట్టినా తెల్లకాగితం మీద జాబితా రాసుకుని, ఒక్కొక్కటి అయ్యాక దాని పక్కన చుక్క పెట్టేవాడు. ఆ చుక్కలంటే నాకు చిరాకు. అన్నీ నాకు నోటికి వచ్చు, కాగితం ఎందుకు అనే పొగరు నాది. ఆ పొగరు ఎవరి మగ్గం మీద పడుతుందో అప్పుడు తెలియదు.

ఒక ఏడాది చలికాలంలో జిల్లాలోని ఒక నేతల ఊరి నుంచి ఒకామె వచ్చింది. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. వాళ్ళ ఊళ్ళో తరతరాలుగా షావుకారు నూలు ఇస్తాడు, వీళ్ళు నేసి కూలీ తీసుకుంటారు, చీర ఆయనది. ఈమె ఇల్లిల్లూ తిరిగి పద్దెనిమిది ఇళ్ళను ఒప్పించి షావుకారు దగ్గర నుంచి బయటికి తెచ్చి సంఘం పెట్టింది. నూలు సొంతంగా కొని, సొంతంగా నేసి, సైటు పెట్టి అమ్ముకుంటున్నారు. ఏ చీర ఏ ఇంటి మగ్గం మీద నేశారో ఆ ఇంటావిడ పేరు చీరతోపాటు పేజీలో రాయాలన్నది వాళ్ళు పెట్టుకున్న నియమం. అది నాకు బాగా నచ్చింది.

కానీ ఆ సైటు ఎవరో తెలిసినవాళ్ళు తేలిగ్గా కట్టి ఇచ్చినది. ఫోన్‌లో తెరిస్తే ఫోటోలు రావడానికి యుగం పట్టేది. శివరాత్రి దాటి ఎండ ముదిరితే నూలు చీరలకు గిరాకీ. ఆ మూడు నాలుగు నెలలు నడిస్తే ఏడాదంతా నడుస్తుంది, నడవకపోతే ఇళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ షావుకారు గడప ఎక్కుతాయి. అందుకని ఎండలకు ముందే కొత్త సైటు కావాలని అడిగింది. "మా వాళ్ళను నేను బయటికి పిలుచుకోనొచ్చినా అక్కా. నడవకపోతే నా మొగం యాడ పెట్టుకునేది?" అంది.

పద్దెనిమిది ఇళ్ళ చీరల్లో ఒకటి నన్ను పట్టుకుంది. మందార రంగు ఎరుపులో చిన్న గళ్ళ చీర. నేసినామె ఫోటోకు మొహం చూపించనంది, అందుకని మడత మీద ఆమె చేయి మాత్రమే పడింది. నేను ఆ పేజీ కోసం ప్రత్యేకంగా కష్టపడ్డాను. నూలు ఎంత సన్నం, ఎన్నో నంబరుది, ఉతికితే రంగు ఎలా ఉంటుంది, ఒక చీరకు ఎన్ని రోజులు పడుతుంది, అన్నీ ఆమెను అడిగి రాశాను. ఎర్రగళ్ళ నూలు చీర అని వెతికినవాళ్ళకు దేశంలో ఎక్కడున్నా మొదట ఈమె చేయి కనిపించాలని నా పట్టుదల.

ఇక్కడ రెండు ముక్కలు పని గురించి చెప్పాలి. కొత్త సైటు కడుతున్నంతకాలం అది వెతికేవాళ్ళకు కనబడకుండా ఒక చిన్న గడిలో టిక్కు పెడతాం. సగం కట్టిన ఇల్లు చుట్టాలకు చూపించం కదా, అందుకు. సైటు తెరిచే రోజు ఆ టిక్కు తీసేయాలి. రెండోది, పాత పేజీల అడ్రసులన్నిటినీ కొత్త పేజీలకు కలపాలి. లేకపోతే పాత దారిన వచ్చినవాడు గోడకు గుద్దుకుంటాడు. మొదటిది ఒక్క నొక్కు పని. రెండోది రోజుల తరబడి చేసే పని.

రెండోదాన్ని నాకంటే బాగా అర్థం చేసుకున్నది సంఘం నడిపే ఆమెకు మామ అయిన పెద్దాయన. డెబ్భై దాటినా మగ్గం వదలని మనిషి. నేను వివరిస్తుంటే మధ్యలోనే తల ఊపాడు. "పాత పడుగు కొసకు కొత్త పడుగును పోగుపోగు అతుకుతాం గదా తల్లీ. ఒక్క పోగు తప్పినా చీర పొడుగునా గీత కనపడతాది. మీ పనీ అదే గదా" అన్నాడు. కాలేజీ చదువులవాళ్ళకు గంటసేపు చెప్పినా ఎక్కని విషయం అది.

అయితే ఆ పెద్దాయనే ఇంకో మాట కూడా అన్నాడు. కొత్త పడుగు, అంటే చీర పొడుగునా సాగే పోగులు, మగ్గానికి ఎక్కించాలంటే వాళ్ళు మంచి రోజు చూస్తారు. సైటు కూడా పడుగు లాంటిదే కాబట్టి దానికీ చూడాల్సిందే. పంచాంగం చూస్తే శుక్రవారం పొద్దున ఎనిమిదిలోపల ఉంది, తర్వాత మూఢం వచ్చేస్తోంది, ఎండాకాలం సగం గడిచేదాకా మంచిది లేదు. భాయ్ లెక్కలో పని సోమవారానికి గానీ ముగియదు. నేను సరేనన్నాను. పెద్దాయన మాట కాదనలేక అని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను గానీ, నాకూ మూఢంలో మొదలుపెట్టడం ఇష్టం లేదు.

భాయ్ రాత్రుళ్ళు కూడా కూర్చుని పనిని చివరికి తెచ్చాడు. ఆ శుక్రవారం మొదటి బస్సుకు ముగ్గురు వచ్చారు. పెద్దాయన, ఆయన కోడలు, ఎర్రగళ్ళ చీర నేసినామె. నా కంప్యూటరుకు కుంకుమ బొట్టు పెట్టారు. కొబ్బరికాయ నీళ్ళు తీగల మీద పడతాయేమోనని భాయ్ గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిదికి పది నిమిషాలుందనగా ఆయన నా దగ్గరికి వచ్చి మెల్లగా, "ఒక్క గంట ఇయ్యండి మేడమ్. నా లిస్టులో ఇంకా ఏడు చుక్కలు పెట్టల్ల" అన్నాడు. మిగిలినవి తర్వాత చూసుకుందామని చెప్పి సైటు తెరిచేశాను. కర్పూరం వెలిగింది. ఎర్రగళ్ళ ఆమె తెర మీద తన చేతిని చూసుకుని నవ్వింది. మధ్యాహ్నం భాయ్ ఆ కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చాడు. నాకు వేరే ఫోను వచ్చింది, చూపు కూడా తిప్పకుండా "అన్నీ నేను చూసేశాను" అన్నాను. నేను ఒక్కటీ చూడలేదు.

మొదటి నాలుగు రోజులు బాగానే ఉంది. ఐదో రోజు రెండు చీరల పేజీలు వెతికితే కనబడలేదు. కొత్త సైటు కదా, సర్దుకుంటుంది అనుకున్నాను. పదో రోజుకు సగం పేజీలు పోయాయి. రెండు వారాలు గడిచేసరికి ఊరి పేరు పెట్టి వెతికినా సైటు రాలేదు. అప్పటికి ఎండ ముదిరింది. బస్సులో, వంటింట్లో, గుడి బయట చెప్పులు విడిచే చోట కూడా ఫోను తీసి ఎర్రగళ్ళ నూలు చీర అని కొట్టి చూసేదాన్ని. ఎవరెవరి చీరలో వచ్చేవి, ఆ చేయి మాత్రం వచ్చేది కాదు.

రోజూ పది గంటలకు సంఘం ఆమె ఫోను చేసేది. "ఏమక్కా, ఈ పొద్దన్నా మనది కనపడతాండాదా?" అనేది. తొమ్మిదిన్నర నుంచే ఫోను బల్ల మీద బోర్లించి పెట్టేదాన్ని. కారణాలు చెప్పేదాన్ని. వెతికే కంపెనీవాళ్ళు పద్ధతి మార్చారన్నాను. పోటీవాళ్ళు ఏదో చేశారన్నాను. పెద్దాయన దిష్టి తగిలిందని నిమ్మకాయలు పంపిస్తే, అన్నీ నోటికి వచ్చని చెప్పుకునే నేను వాటిని కంప్యూటరు ముందు కట్టాను. ఏ పేజీలు ఎందుకు దాగి ఉన్నాయో చెప్పే జాబితా ఒకటి మాకు అందుబాటులో ఉంటుంది. అది తెరిస్తే జవాబు మొదటి వరుసలోనే ఉండేది. ఆ జాబితాలో ఎప్పుడూ మేమే కావాలని దాచిన పేజీలు కొన్ని ఉంటాయి గనక, దాన్ని చూడటం నేను ఎప్పుడో మానేశాను.

మిగిలింది భాయ్. అడ్రసుల అతుకుల్లో తప్పుందేమో చూడమని ఆయన మీద పడ్డాను. మూడు వందల పైచిలుకు అతుకులు ఆయన రెండుసార్లు చూసి, ఒక్కటీ తప్పలేదని చెప్పాడు. మొత్తం సైటు మొదటి నుంచి చూస్తానన్నాడు. అక్కర్లేదు, అతుకులే చూడు అన్నాను. మూడో వారంలో ఒక రోజు సంఘం ఆమె ఫోనులో ఏడుపు గొంతుతో అడిగితే, నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. మా భాయ్ అతుకులు సరిగా వేసినట్టు లేదు అన్నాను. ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాడు. తలెత్తి నన్ను చూసి, మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ రోజు నుంచి నాతో పనికి కావాల్సిన మాట తప్ప ఇంకోటి మాట్లాడలేదు.

ఆ వారంలోనే శుక్రవారం మధ్యాహ్నం. భాయ్ నమాజుకు వెళ్ళాడు. మిగతావాళ్ళు భోజనానికి దిగారు. బద్వేలులో గానుగ నూనె తీసేవాళ్ళకు కొత్త సైటు మొదలుపెడుతున్నాను. అలవాటు ప్రకారం ముందుగా ఆ గడిలో, వెతికేవాళ్ళకు కనబడొద్దనే టిక్కు పెట్టాను. పెట్టిన చేయి అలాగే ఆగిపోయింది.

నేతవాళ్ళ సైటు తెరిచి చూశాను. టిక్కు ఉంది. మూడు వారాలుగా, పద్దెనిమిది ఇళ్ళ చీరలను చూపించవద్దని నేనే ఆజ్ఞ ఇచ్చి కూర్చున్నాను. మొదట్లో కనబడ్డవి వెతికే యంత్రం ఇంకా మరిచిపోని పాత పేజీలు. టిక్కు తీశాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఎవరికీ చెప్పక్కర్లేదు అనుకున్నాను. ఇంకో పదిహేను రోజుల్లో పేజీలు వాటంతట అవే తిరిగి వస్తాయి. దిష్టి పోయిందనుకుంటారు. నేనే కష్టపడి తెచ్చాననుకున్నా అనుకోవచ్చు.

తేలు కుట్టిన దొంగలాగా శనివారం గడిపాను. ఆ రోజు పది గంటల ఫోనుకు, బాగు చేస్తున్నాం, చూద్దాం అని మాత్రమే అన్నాను. ఆదివారం ఫోను రాలేదు, రానందుకు సంతోషించాను. సోమవారం సాయంత్రం వచ్చింది. ఈసారి ఆమె ఏమీ అడగలేదు. "ఎర్రగళ్ళ వాళ్ళింట్లో షావుకారు నూలు దిగిందక్కా. పొద్దున పడుగు ఎక్కించినారు" అని చెప్పి పెట్టేసింది.

ఆ మాటకు అర్థం నాకు తెలుసు. షావుకారు నూలు తీసుకుంటే చీర బయట అమ్మకూడదు, సంఘంలో ఉండకూడదు. పైగా బొట్టు పెట్టి మగ్గం మీదికి ఎక్కించిన పడుగును మధ్యలో కోయరు, ఎంత నష్టమైనా కోయరు. అది అయిపోయేలోపల ఆయన రెండోది పంపిస్తాడు.

మంగళవారం పొద్దున భాయ్ కుర్చీ దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన చేస్తున్న పని ఆపి విన్నాడు. "నాకు తెలుసు మేడమ్" అన్నాడు. "శుక్రవారం నమాజు నుంచి వచ్చి చూసినా. సెట్టింగు ఎవరు మార్చినారో, ఎప్పుడు మార్చినారో ఆడ్నే రాసి ఉండాది. మీరే చెప్తారని కాచుకోనుండా." మరి నువ్వెందుకు చెప్పలేదని అడిగే మొహం నాకు లేదు. ఆ ఊరికి పోయి చెప్పి వస్తానన్నాను. తానూ వస్తానని లేచాడు. అక్కడ పోయింది ఆయన పేరు కూడా కదా.

పదకొండు గంటల బస్సుకు వెళ్ళాం. సంఘం ఆమె ఇంట్లో, గుంట మగ్గం పక్కన చాప మీద కూర్చున్నాం. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు వచ్చారు. పెద్దాయన మగ్గం మీదే ఉన్నాడు, ఆపి విన్నాడు. తప్పు నాది, ఒక టిక్కు తీయడం మరిచిపోయాను, భాయ్ అతుకుల్లో ఒక్కటీ తప్పలేదు, అది నేను అబద్ధం చెప్పాను అన్నాను.

ముందు పెద్దాయన మాట్లాడాడు. ముహూర్తమని తొందరపెట్టింది తాను, కాబట్టి తప్పులో సగం తనది అన్నాడు. ఆ సగం ఆయనకు ఇచ్చేయాలని నాకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేను. అవునన్నట్టు తల కూడా ఊపబోయాను. అంతలో ఆయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి భాయ్ చేయి పట్టుకుని, నీ మీద తప్పుగా అనుకున్నాం నాయనా అన్నాడు. నేను తల దించుకున్నాను. సంఘం ఆమె నన్ను తిట్టలేదు. పేజీలు ఎన్నాళ్ళకు వస్తాయని మాత్రం అడిగింది. రెండు వారాలు పట్టవచ్చన్నాను. లేచి చెప్పులేసుకుంది. ఇంకా నాలుగిళ్ళవాళ్ళు షావుకారు వైపు చూస్తున్నారట, వాళ్ళను ఆపాలని వెళ్ళిపోయింది.

ఎర్రగళ్ళ ఆమె ఇల్లు పక్క సందులో. వెళ్ళొద్దని కాళ్ళు అన్నాయి, వెళ్ళాను. మగ్గం మీద తెల్ల పడుగు ఉంది, ఎరుపు లేదు. నన్ను చూసి లేచి చెంబుతో నీళ్ళిచ్చింది. అంతా చెప్పాను. ఎప్పుడు తెలిసింది మీకు అని అడిగింది. శుక్రవారం అన్నాను.

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "మరిచిపోయేది ఎవురికైనా ఉంటాదమ్మా. శనివారం ఒక్క మాట చెప్పింటే సరిపోతాండె. దోవ తెల్సింది, ఇంగ పదైదు దినాలే అని చెప్పి మా ఇంటాయన్ను ఆపుకుంటాంటి. సోమవారం పొద్దున దాకా ఆయన కూడా శానా ఎదురుచూసినాడు."

కోపంగా అనలేదు. అని, మళ్ళీ మగ్గం గుంటలోకి దిగింది. నీళ్ళు తాగకుండా చెంబు అక్కడే పెట్టి వచ్చాను.

పేజీలు అనుకున్నదానికంటే ముందే తిరిగి వచ్చాయి. గిరాకీ ఎండల చివరిదాకా సాగింది. మిగిలిన పదిహేడు ఇళ్ళూ నిలబడ్డాయి, ఇప్పటికీ నడుస్తున్నాయి. భాయ్ తర్వాత హైదరాబాదులో పెద్ద ఉద్యోగానికి వెళ్ళాడు. నేను ఉద్యోగం మానేదాకా తెల్లకాగితం మీద చుక్కలు పెడుతూనే ఉన్నాను, అది ఆయనకు తెలియదు.

ఆ వేసవిలోనే ఒక రోజు, అలవాటుకొద్దీ ఎర్రగళ్ళ నూలు చీర అని కొట్టాను. మొదటి పేజీలో, మొదటి వరుసలో, అందరికంటే పైన ఆ చేయి వచ్చింది. నేను కోరుకున్నట్టే వచ్చింది. రోజుకు పదిమంది ఆ చీర కావాలని అడగసాగారు. ఇవ్వడానికి సంఘం దగ్గర ఆ చీర ఇక లేదు. మా యజమాని ఆ అడ్రసును ఇంకో ఎర్ర చీర పేజీకి తిప్పమన్నాడు, మొదటి స్థానాన్ని ఎవరైనా వదులుకుంటారా అన్నాడు. నేను సంఘం ఆమెకు ఫోను చేసి అడిగాను.

"ఇంకొకరు నేసిందానికి ఆ యమ్మ చేయి చూపించి అమ్మలేం గదక్కా. తీసెయ్" అంది.

పదమూడేళ్ళలో ఎన్నో పేజీలను పైకి తెచ్చాను. అందరికంటే పైన ఉండగా నా చేత్తో తీసేసింది అదొక్కటే.